ఎడారి ఇసుక, నాలుగో నంబరు

మొదటి ఉత్తరం చెత్తడబ్బా గురించి.
మంగళవారం లారీ వెళ్ళిపోయాక కూడా
నలభై నిమిషాలు వీధిలో నిలబడిందట.
రెండోది వసారాలో వేలాడే గాలిగంటల గురించి.
గాలి వీస్తే మోగుతున్నాయట.
మోగక?

మూడోది వచ్చేనాటికి
ఆరిన్ ఆస్పత్రి నుంచి వచ్చి పదకొండు రోజులు.
ఎడమ పక్కను ఎవరో దాచమని ఇచ్చిన మూటలా
మోసుకు తిరుగుతున్నాడు.
గుమ్మానికి మూడే మెట్లు.
ముప్పై ఏళ్ళుగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు.
ఎదురింటి వెల్డర్ యుసేబియో
రెండు ఆదివారాలు మోకాళ్ళ మీద కూర్చుని
చెక్కతో ర్యాంపు కట్టిపెట్టాడు.
కూలి: మా పెరటి నిమ్మకాయలు, ఒక బుట్టెడు.

"అనుమతి లేని కట్టడం" అంది ఉత్తరం.
"సముదాయ సౌందర్యానికి భంగం."
కింద సంతకం: కార్విన్ బాబిట్, కార్యదర్శి.

కార్విన్!
నా బడిబస్సులో మూడో సీటు, కిటికీ పక్క.
రెండో తరగతంతా సోమవారం సోమవారం వాంతి.
ఇరవై ఆరేళ్ళు ఆ పసుపు బస్సు నడిపినదాన్ని,
అద్దంలో ఒక్క చూపుతో
యాభై నోళ్ళు మూయించినదాన్ని,
వాడి సంతకం చూసి నా చేతులు వణికాయంటే
నాకే సిగ్గేసింది.

నిబంధనల పుస్తకం తెప్పించుకున్నాను. నూట పన్నెండు పేజీలు.
ఆరిన్ నిద్రపోయాక వంటింటి దీపం కింద చదివాను.
గడ్డి ఎంత ఎత్తు, కుక్క ఎంత బరువు,
గ్యారేజీ తలుపు ఎంతసేపు తెరిచి ఉండొచ్చు.
మనిషికి కాలు పడిపోతే ఏం చెయ్యాలో
ఏ పేజీలోనూ లేదు.
చట్టంలో ఉంది. లైబ్రరీలో అమ్మాయి వెతికి చూపించింది.
ర్యాంపు వద్దనే హక్కు వాళ్ళకి లేదు.

ఆ సంగతి వాళ్ళకీ తెలిసినట్టుంది.
క్లబ్‌హౌస్‌లో ఏసీ హోరు,
ఐదుగురు మనుషులు, ఐదు నీళ్ళ సీసాలు.
అధ్యక్షుడు థర్‌స్టన్ మెక్‌వే గొంతు సవరించుకుని
"సరే, ఉండనిద్దాం. రంగు మాత్రం
ఎడారి ఇసుక, నాలుగో నంబరు" అన్నాడు,
దానపత్రం రాసిచ్చినవాడి మొహంతో.

రంగుల దుకాణంలో కుర్రాడు
కంప్యూటరంతా గాలించాడు.
ఆ కంపెనీ మూతపడి పందొమ్మిదేళ్ళట.
ఆ రంగు ఇప్పుడు భూమ్మీద లేదు.

తిరిగొస్తూ మా వీధి మొదట్లో కారు ఆపాను.
రెండు వందల పద్నాలుగు ఇళ్ళు.
అన్నీ ఒకే రంగని ఇన్నాళ్ళూ నమ్మాను.
కావు.
పడమటి గోడలు ఎండుగడ్డి. ఉత్తరపువి విరిగిన పాలు.
గ్రెటా ఇల్లు నెమ్మదిగా గులాబీకి తిరిగింది,
ఎవరినీ అడక్కుండా.
మెక్‌వే గారిది అందరికన్నా ముందే వెలిసి
ఉల్లిపొర.
ఆరిజోనా ఎండకి
ఏ కమిటీ అనుమతిచ్చింది?

మరుసటి సమావేశానికి
పుస్తకం వెనకట్టకి అంటించిన రంగు నమూనా
ఊడబీకి తీసుకెళ్ళాను, గోరంత ముక్క.
బల్ల మీద పెట్టి అడిగాను:
"ఇది మీలో ఎవరి ఇల్లు?"
ఐదుగురూ ఒంగి చూశారు.
కార్విన్ చెవులు ఎర్రబడ్డాయి.
చిన్నప్పుడు వాంతికి ముందు అలాగే అయ్యేవి.
నా చెయ్యి దానంతటదే
కాగితం సంచి కోసం తడుముకుంది.

"పరిశీలనలో ఉంచుతాం" అన్నాడు మెక్‌వే.
అంటే గెలిచినట్టో కాదో ఇప్పటికీ తెలీదు.
గాలిగంటలకి పాతిక డాలర్ల జరిమానా కట్టాను.
ర్యాంపుకి నేను రంగు వెయ్యలేదు.
ఎండ వేస్తోంది రోజూ, పైసా పుచ్చుకోకుండా.

నిన్న ఆరిన్ కర్ర ఊతంతో, ఒక్కడే,
దాని మీదుగా దిగి పోస్టు డబ్బాదాకా వెళ్ళాడు.
తిరిగొచ్చేసరికి చేతిలో ఇంకో కవరు.
"ఈసారి ఏం తప్పట?" అన్నాను.
మూడు నెలలుగా ముద్దముద్దగా వచ్చే మాట
నోట్లో కాసేపు నమిలి
"చెత్తడబ్బా" అన్నాడు,
ఒక్క అక్షరం కూడా జారకుండా.